అమాసకు కదలని బండి

క్యాలెండర్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఈ మధ్య వాటిని తేదీలు చూసుకోవడానికి కాకుండా, పంచిపెట్టిన నగల దుకాణం యజమానిని చూసుకోవడానికి అచ్చు వేస్తున్నట్టున్నారు. మా హాల్లో వేలాడుతున్న దాంట్లో ఆయన పన్నెండు నెలలూ పన్నెండు రంగుల కోట్లలో నవ్వుతుంటాడు. ఆయన గడ్డం కింద మిగిలిన జాగాలో నెలంతా ఇరికించారు. తిథులు చదవాలంటే కళ్ళజోడు చాలదు, అవి ముందే తెలిసి ఉండాలి. అమావాస్యకు ఒక నల్లచుక్క పెడతారు. పోయిన నెల దాన్ని ఈగ అనుకుని తోలాను. కదలలేదు. ఇంకొంచెం గట్టిగా తోలితే క్యాలెండరే కింద పడింది.

దాన్ని మళ్ళీ మేకుకు తగిలిస్తుండగా మా తమ్ముడి కూతురు కీర్తన వచ్చింది. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ఎక్కడ కూర్చుని చేసినా ఒకటేనట, అందుకని ఒక వ్యాన్ కొనుక్కుని అందులోనే ఉంటుందట. "అత్తా, నువ్వు అప్పట్లనే వ్యాన్ లైఫ్ చేసినవంట గదా!" అంది. చేయలేదమ్మా, అయింది అన్నాను. ఆమె ఫోన్లో తన వ్యాన్ నమూనా చూపించింది. గోడలోకి మడిచే మంచం, సొరుగులోంచి లేచే పొయ్యి, మూత తీస్తే బేసిన్. అన్నీ చూశాక ఒకటే ప్రశ్న అడిగాను, ఇందులో ముసలివాళ్ళు ఎక్కడ పడుకుంటారు అని. జోకు అనుకుని నవ్వింది. నేను వేసిన జోకులకు ఎవరూ నవ్వరు గానీ, వేయని వాటికి ఇలాగే నవ్వుతారు.

మా నాయనకు గద్వాలలో రెండు మగ్గాలు, ఒక అభిప్రాయం ఉండేవి. ఆడపిల్ల హైదరాబాదులో బొమ్మలు నేర్చుకుని వచ్చాక, ఇంట్లో కూర్చుని చీర అంచులకు గ్రాఫు కాగితం మీద హంసలూ కోటకొమ్మలూ గీసిపెడితే చదువుకు చదువు, నీడకు నీడ అన్నది ఆ అభిప్రాయం. అది చెడ్డ పనేమీ కాదు. మా మేనత్త కొడుకు ఆ పనే చేసేవాడు. ఏళ్ళ తరబడి ఒకే హంసను గీస్తుండేవాడు. హంస ఏమీ అనలేదు గానీ నాకు భయం వేసింది. నేను వెళ్ళి గద్వాలలో ఒకటి, వనపర్తిలో ఒకటి, నాగర్‌కర్నూలులో ఒకటి, మూడు ప్రైవేటు బడుల్లో డ్రాయింగ్ టీచరుగా కుదిరాను. చిత్రలేఖనం వారానికి రెండు రోజులకు మించి అక్కర్లేని విద్య అని ఆ మూడు ఊళ్ళూ విడివిడిగా ఆలోచించి ఒకే నిర్ణయానికి వచ్చాయి. ఆదివారాలు దుకాణాల షట్టర్లు, ఫంక్షన్ హాలు గోడలు, సోమశిల రేవులో పడవల మీద పేర్లు. రంగు డబ్బాలూ, మనిషంత బోర్డులూ పట్టుకుని బస్సెక్కితే కండక్టర్లు నన్ను సామానుగా లెక్కించాలో ప్రయాణికురాలిగా లెక్కించాలో తేల్చుకోలేక బాధపడేవాళ్ళు. వాళ్ళ బాధ చూడలేక, మూతపడ్డ ఒక బేకరీ వాళ్ళ పాత వ్యాన్ కొన్నాను. మూడు ఊళ్ళలో మూడు అద్దెగదులు భరించే కంటే అందులోనే ఉండటం నయం అనిపించింది.

ఈ మాట ఇంట్లో చెప్పిన రోజు మా నాయన చాలాసేపు మగ్గం ఆపలేదు. ఆపాక అన్నాడు: "అవ్వ నీతోటి ఉంటది. ఎండకాలం బడులు మూసేదాక చూస్త. అప్పుడు అవ్వనడుగుత. మంచిగుందంటె నీ ఇష్టం. లేదంటె బండి అమ్ముకోని వచ్చి ఇంట్ల కూసో." అవ్వ అంటే ఆయన తల్లి, నర్సమ్మ. జీవితమంతా మగ్గం ఉన్న గదికీ పొయ్యి ఉన్న గదికీ మధ్య ప్రయాణం చేసిన మనిషి. ఆమెను ఎవరూ ఎప్పుడూ అభిప్రాయం అడిగి ఎరగరు. అందుచేత అడిగితే ఏం చెబుతుందో ఎవరికీ తెలియదు. నా బతుకుతెరువు మొత్తం ఆ తెలియనిదాని మీద ఆధారపడింది. ఆమె ఒక రాట్నం, ఒక జొన్నపిండి మూట, ఒక ఇత్తడి చెంబు పట్టుకుని బండెక్కి, వెనక తలుపు దగ్గర నిలబడి, "దీనికి కిటికి లేదేంది?" అంది. బన్నులకు కిటికీ ఎందుకవ్వా అన్నాను. మొదటి మార్కు అక్కడే పోయింది.

ఆ బండి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అడుగున బేకరీ వాళ్ళు వదిలివెళ్ళిన వెన్నా యాలకుల వాసన, దాని మీద నా టర్పెంటైన్, దాని మీద అవ్వ నూలుకు పట్టిన గంజి, అన్నిటి మీదా పెనం మీది జొన్నరొట్టె. ఎండకు ఇవన్నీ కలిసి ఒక కొత్త పదార్థం తయారయ్యేది. మూడు ఊళ్ళ కుక్కలూ దాన్ని బన్నుల బండిగానే గౌరవించి ఊరి పొలిమేర దాకా సాగనంపేవి. నేను బడిలో ఉన్నంతసేపూ అవ్వ బండిలో రాట్నం తిప్పుతూ నేతగాళ్ళకు నూలు కండెలు చుట్టేది. గద్వాలకు వెళ్ళిన రోజుల్లో అవి ఇచ్చి కొత్త నూలు తెచ్చుకునేది. పెబ్బేరు దగ్గర మలుపు తిరిగితే కండెలన్నీ ఒక పక్కకు దొర్లేవి, గోపాల్‌పేట దగ్గర రెండో పక్కకు. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటేటప్పుడు మాట్లాడకూడదు, దండం పెట్టుకోవాలి. స్టీరింగు వదిలి దండం పెట్టలేనని చెబితే, "మనసుల పెట్టుకో, చేతుల్తోని బండి నడుపు" అని మినహాయింపు ఇచ్చింది.

తెల్లవారుతూనే వెనక తలుపు ముందు నీళ్ళు చల్లి ముగ్గు వేసేది. అది వాకిలి. వాకిట్లో ముగ్గు తొక్కించి బండి వెనక్కి తీస్తే ఊరుకునేది కాదు. కాబట్టి రాత్రి ఆపేటప్పుడే బండి ముక్కు రోడ్డు వైపు ఉండాలి, పొద్దున నేరుగా ముందుకే పోవాలి. నాకు ఈ రోజుకీ రివర్సు సరిగా రాదు. దానికి నేర్పినవాళ్ళను అనలేను. వారంలో ఆరు రోజులు పిల్లలకు ఆపిల్ పండు గీయడం నేర్పేదాన్ని, ఏడో రోజు మటన్ దుకాణం షట్టరు మీద మేక తల గీసేదాన్ని. వీటి మధ్య నా సొంత బొమ్మ అంటూ ఒకటి మొదలుపెట్టాను. ప్రతి మలుపుకూ దాని మీద ఏదో ఒకటి ఒలికేది. నూనె, రంగు, ఒకసారి పచ్చిపులుసు. క్రమంగా అది నవీన చిత్రకళ అయింది.

సాయంత్రం అన్నం ముందర నాయన ఫోన్ చేసేవాడు. అవ్వ ఆ చిన్న ఫోనును చెవికి కాకుండా నోటి ముందు పట్టుకుని నివేదిక ఇచ్చేది. "ఆఁ. తిన్నది. ఆఁ. వచ్చింది. లే, ఎవ్వరు రాలే." ఇందులో మెప్పు ఉందా ఫిర్యాదు ఉందా అని నేను కుంచెలు కడుగుతూ చెవులు రిక్కించేదాన్ని. ఏమీ తెలిసేది కాదు. వాతావరణ సూచన చెప్పేవాళ్ళు కూడా ఆమె కంటే ఎక్కువ బయటపడతారు.

బండి ఎక్కిన మొదటి అమావాస్య నాడు అసలు సంగతి బయటపడింది. మా నేత ఇళ్ళలో అమావాస్యకు మగ్గం ముట్టరు. మగ్గం గుంట ఊడ్చి, బొట్టు పెట్టి, సాంబ్రాణి వేసి, ఆ ఒక్క రోజూ దాన్ని పడుకోనిస్తారు. నేను తాళంచెవి తీసుకుంటే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"యాడికి?"

"బడికి, అవ్వా."

"ఇయ్యాల అమాస. మగ్గం మీద ఎవరన్న కూసుంటరా?"

"మనకు మగ్గం యాడుంది?"

అవ్వ స్టీరింగు మీద తట్టింది. "మీ నాయినకు అన్నం బెట్టేది మగ్గం. నీకు అన్నం బెట్టేది గిది. దీన్ని ఒక్కదినం పండనియ్యకుంటె అది నిన్ను మూడు దినాలు రోడ్డు మీద నిలవెడ్తది."

"సరె, నడిచి పోత."

"కుంచె పడ్తవా?"

"పట్టాలె గద."

"గది గూడ మగ్గమే."

"చాక్‌పీసు?"

"అది కండె. మగ్గం పండుకున్నంక కండెతోని పనేంది?"

నాలుగేళ్ళ డిగ్రీలో ఈ వాదానికి జవాబు ఎక్కడా చెప్పలేదు. అప్పటి నుంచీ నెలకొక రోజు సెలవు. బడిలో కారణం అడిగితే అబద్ధం చెప్పడం ఇష్టం లేక, నిజం చెప్పడానికి సిగ్గేసి, "సొంత పని" అనేదాన్ని. అమావాస్య ఏ వారం పడితే ఆ వారం వస్తుంది కాబట్టి నష్టం మూడు బడులకూ న్యాయంగానే పంచబడింది.

ఇలా ఉండగా, మాఘమాసం చివర్లో నాకు చేతుల సమస్య వచ్చింది. నా విద్యార్థులు గీసే మనుషులందరూ చేతులు వెనక్కి కట్టుకునే ఉండేవాళ్ళు. మర్యాద వల్ల కాదు, వేళ్ళు గీయడం రాక. చూసి గీయడానికి చేతుల నమూనాలు కావాలనుకుని, అవ్వ చేతులను తడి బంకమట్టిలో రకరకాలుగా ఒత్తించి, ఆ గుంటల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోశాను. తెల్లని చేతులు, వంగిన వేళ్ళతో, నిజంగా బాగా వచ్చాయి. వనపర్తిలో మేము ఊరి చివర పల్లికాయ మిల్లు గోడ పక్కన ఆగేవాళ్ళం. మర్నాడు ఎండలో ఆరతాయని ఆ చేతులన్నీ బండి టాపు మీద వరసగా పేర్చాను. మర్నాడు అమావాస్య.

మిల్లు వాచ్‌మన్ కాశయ్య తెల్లవారుజామున టీ కోసం బయటికి వచ్చి చూశాడు. బండి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బండి మొహాన పసుపూ కుంకుమా. తలుపు సందుల్లోంచి సాంబ్రాణి పొగ. తలకు పోసుకుని వెంట్రుకలు విరబోసుకుని ఎండకోసం చూస్తున్న ఒక ముసలమ్మ. ఆమె నెత్తి పైన, ఆకాశం వైపు వేళ్ళు చాచి, వరసగా తెగిన చేతులు. కాశయ్యను నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. అతని స్థానంలో ఉంటే నేను టీ తాగకుండానే పరిగెత్తేదాన్ని. మధ్యాహ్నానికి వనపర్తిలో డ్రాయింగ్ మేడం వాళ్ళు మంత్రాలు చేస్తారని తేలిపోయింది. నెలనెలా అమాసకే ఎందుకు మాయమవుతుందో కూడా అప్పుడే అందరికీ అర్థమైంది. సాయంత్రానికి ఆ చేతుల్లో ఒకటి వేలు ఆడించింది. నా శిల్పం గురించి అంతకు మించిన మెప్పు అప్పటికీ ఇప్పటికీ రాలేదు.

బడి నడిపే సుదర్శన్ సార్ నన్ను పిలిపించారు. ఆయన ఫిజిక్స్ చదివినవాడు. "నేను సైన్స్ మనిషిని, మేడం. నాకు గివేం పట్టింపులు లేవు," అన్నారు, కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుని. "కాని తల్లిదండ్రులు పిల్లల్ని మీ పీరియడ్‌కు పంపేది లేదంటుండ్రు. ఒక్కటే పని చెయ్యుండ్రి. మల్ల వచ్చే అమాస గూడ మన బడి దినమే పడ్తుంది. ఆ దినం అందరి ముంగట క్లాసు చెప్పుండ్రి, బుగులు పోతది. చెప్పకుంటె ఇగ రాకుండ్రి." మిగతా రెండు బడుల జీతంతో ముగ్గు పిండి కొనవచ్చు, డీజిల్ కొనలేము. వనపర్తి పోతే బండి పోయినట్టే. అటు చూస్తే అమాసకు కుంచె ముట్టనీయని అవ్వ. ఆమె చేతిలోనే తీర్పు. గ్రాఫు కాగితం మీద హంస నా వైపే నడిచివస్తున్నట్టు అనిపించింది.

ఆ సాయంత్రం రొట్టెలు చేస్తుంటే అవ్వకు అంతా చెప్పాను. ఆమె రొట్టె తిప్పి, దాని మీద నీళ్ళు రుద్ది, అంది: "సారు అమాసకు నిన్ను రమ్మన్నడా?"

"ఆఁ."

"నన్ను వద్దన్నడా?"

"వద్దనలే."

"అయితె నేను పోత. నువ్వు మగ్గం మనిషివి, నువ్వు రావొద్దు. నాకు అమాసనాడు ఏం పనున్నది?"

అంతలో నాయన ఫోను. "ఆఁ," అంది అవ్వ ఫోను నోటి ముందు పెట్టుకుని. "తిన్నది. ఏం లేదురా. ఊకెనే రొట్టెలు జేస్తున్న. లే, ఎవ్వరు రాలే." నేను కుంచెలు కడగడం ఆపేశాను.

ఆ తర్వాతి అమావాస్యకు బడి ముందు మైదానంలో తల్లిదండ్రులు గుంపుగా నిలబడ్డారు. పని చేయడానికే గానీ చూడటానికి అమావాస్య అడ్డు కాదు కాబట్టి నేను వట్టి చేతులతో గేటు దగ్గర నిలబడ్డాను. అవ్వ గోనెసంచి భుజాన వేసుకుని లోపలికి నడిచింది. గుంపు తనంతట తానే రెండుగా చీలింది. ప్రార్థన చేసే అరుగు మీద కూర్చుని, సంచి కుమ్మరించి, చేతులన్నీ వరసగా పెట్టింది.

"ఎవరివో చేతులంటుండ్రంట," అంది. "ఎవరివైతే వాళ్ళు వచ్చి తీస్కపోండ్రి."

ఎవరూ రాలేదు. అప్పుడు అవ్వ తన కుడిచెయ్యి చాచి ఒక తెల్ల చెయ్యి పక్కన పెట్టింది. "గీ ఏలు చూడుండ్రి, వంకర. కండెలు చుట్టీ చుట్టీ గిట్లయింది. గీ సుద్ద చేతిల గూడ వంకరే ఉన్నది. నా మనుమరాలు దాన్ని గూడ ఇడ్శిపెట్టలే." ముందు వరసలోని ఒక చిన్నపిల్ల వచ్చి తెల్ల వేలు పట్టి చూసి, "సుద్ద!" అని కేక వేసింది. ఇక పిల్లలంతా ఆ చేతులకు షేక్‌హ్యాండ్ ఇవ్వడానికి లైను కట్టారు.

ఒక తల్లి వెనకనుంచి, "మరి నిమ్మకాయలెందుకమ్మా?" అంది.

"మీ ఆయన బండికి నిమ్మకాయ కట్టలేదా?"

"కట్టిండు."

"ఆయన గూడ మంత్రాలు చేస్తడా?"

"ఆయనతోని ఏది గాదు," అంది ఆ తల్లి, అందరూ నవ్వారు.

కాశయ్య మాత్రం ఊరుకోలేదు. "వేలు ఆడంగ నేను చూసిన!" అన్నాడు.

"ముందుగాల ఏం తాగినవో గది చెప్పు, తర్వాత వేలు సంగతి చెప్పొచ్చు," అంది అవ్వ.

సుదర్శన్ సార్ శాస్త్రీయ దృక్పథం గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చి సభ ముగించారు. నా ఉద్యోగం నిలబడింది. కానీ పుకారు చచ్చిపోలేదు. దానికి ప్రమోషన్ వచ్చింది. చేతులు సుద్దవే, నిజమే. కానీ అంతమంది ముందు అంత నిమ్మళంగా మాట్లాడిన మనిషికి ఏదో తెలిసే ఉంటుందని ఊరు నిర్ణయించింది. మర్నాడు పొద్దున్నే ఒకామె చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని బండి దగ్గరికి వచ్చి, "జర దిష్టి తియ్యవా, అవ్వా, రాత్రంత ఏడుస్తుండు" అంది. అవ్వకు ఒక్క మంత్రమూ రాదు. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి పిల్లాడి చుట్టూ తిప్పుతూ ఏదో గొణిగింది. దగ్గరికి వెళ్ళి విన్నాను. "రెండు ఎరుపు, ఒకటి జరి, రెండు ఎరుపు, నాలుగు ఆకుపచ్చ." చీర అంచుకు పోగులు పోసే వరస. పిల్లాడు నిద్రపోయాడు. ఆ తర్వాత వారానికి రెండు రోజులు బండి ముందు లైను ఉండేది. సుదర్శన్ సార్ తన మనుమణ్ణి పంపిస్తూ, "నాకు నమ్మకం లేదు, మా ఇంటామె ఇనదు" అని చీటీ లేకుండా నోటిమాటగా చెప్పి పంపారు.

కీర్తన ఇంతవరకూ విని, "మస్తుగుంది అత్తా! ఇప్పుడైతె వీడియో తీసి పెడితె వైరల్ అయితుండె," అంది. అయ్యేది కాబోలు. అప్పుడు కూడా అయింది, కాకపోతే కాళ్ళతో నడిచి వెళ్ళింది. ఆమె వ్యాన్లో అన్నీ మడత పెట్టవచ్చు. నా వ్యాన్లో అవ్వ మడత పడేది కాదు. ఆ ఏడాది నేను కోరుకున్నది ఒంటరిగా ఉండటం ఒక్కటే. అది తప్ప తక్కినవన్నీ దొరికాయి. కీర్తనకు అది సులువుగా దొరుకుతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి తీర్పూ అక్కర్లేదు. సాయంత్రం ఫోన్లో "తిన్నది" అని ఆమె గురించి ఎవరూ చెప్పరు. తిన్నదో లేదో తానే ఫొటో తీసి లోకానికి చూపించుకోవాలి. రోడ్లు బాగయ్యాయి, దారి ఫోనే చెబుతుంది, అమావాస్యకు కూడా చెబుతుంది. బడుల ప్రకటనల్లో ఇప్పుడు డ్రాయింగ్ పెద్ద అక్షరాలతో ఉంటుంది. పిల్లలు మాత్రం ఇంకా చేతులు వెనక్కి కట్టుకున్న మనుషులనే గీస్తున్నారని విన్నాను. ఏది మేలు అని నన్నడిగితే, అడగకపోవడమే మేలని చెబుతాను.

"మరి గిదంత తాతకు తెల్వలేదా?" అంది కీర్తన.

తెలిసింది. వనపర్తి నుంచి గద్వాలకు చేరేటప్పటికి ఆ కబురు నూలు వ్యాపారి నోట పడి, మీ అమ్మా మీ బిడ్డా కలిసి అక్కడ మంత్రాల దుకాణం పెట్టారట అన్న రూపంలో మా ఇల్లు చేరింది. నాయన మగ్గం మీది పని సగంలో వదిలేసి బస్సెక్కాడు. వారం మధ్యలో ఆయన మగ్గం దిగడం నేనెప్పుడూ చూడలేదు. మిల్లు దగ్గరికి వచ్చేటప్పటికి బండి ముందు తల్లులు పిల్లలను ఎత్తుకుని లైనులో ఉన్నారు. నేను పక్కన బడికి కొత్త బోర్డు రాస్తున్నాను. నాయన గొడుగు మడిచి, లైను మొదటి నుంచి చివరి దాకా చూశాడు.

"ఏందే ఇది?" అన్నాడు నాతో.

"నాకు తెల్వది నాయినా. నేను బోర్డు రాస్తున్న."

ఆయన లైను దాటుకుని అవ్వ ముందుకు వెళ్ళాడు. "లైన్‌ల రావాలె," అంది ఒకామె. ఆయన వినిపించుకోలేదు. "అమ్మా, పరువంత పాయె. గీ పిల్లను చూసుకొమ్మని నిన్ను పంపిస్తె నువ్వు గిట్ల దుకాణం బెట్టినవు. నేను దినాం ఫోన్ చేస్తె ఏం లేదు, ఏం లేదంటివి. ఇగ సాలు. బడులు మూసేదాక చూసేదేం లేదు. నేను మాటిచ్చిన, మాట తప్ప. నువ్వే చెప్పు. మంచిగుందా, లేదా? నువ్వెట్లంటె గట్లనే."

నేను కుంచె డబ్బాలో పెట్టేశాను. అవ్వ తల ఎత్తలేదు. ఒళ్ళో ఉన్న పిల్ల చుట్టూ గుప్పిలి తిప్పడం పూర్తి చేసి, ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసి, అవి చిటపటమనేదాకా ఆగింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. కొడుకును చూసింది. నన్ను చూసింది. తర్వాత బండిని, చక్రాల నుంచి టాపు దాకా, తాపీగా చూసింది.

"పిల్లను తోల్కపోతె తోల్కపో," అంది. "బండి మాత్రం ఈడ ఇడ్శిపెట్టు."